నిమిషాన్ని నమ్ముతాం, నీడను నమ్మం

1868 ఆగస్టు 18. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ నిజాం రాజ్యం దక్షిణపు కొస మీదుగా కృష్ణా జిల్లా వైపు వెళ్లింది. ఈ గ్రహణం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది గుంటూరు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ అక్కడ ఉండి సూర్యుడి అంచు మీది జ్వాలల వర్ణపటం చూశాడు. ఆ ఏడాది పరిశీలనలే తరవాత హీలియం కథకు మొదలయ్యాయి. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. పాఠ్యపుస్తకాల్లో కథ దాదాపు ఇక్కడితో ఆగిపోతుంది. మన జిల్లాకు సంబంధించిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. అదే అబ్జర్వేటరీలో పాగ్సన్ కింద పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఆ పొద్దు వనపర్తిలో ఉన్నాడు.

వనపర్తి అంటే మొన్నమొన్నటి దాకా మహబూబ్‌నగర్ జిల్లా. అప్పట్లో సంస్థానం. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు మొదట ఒక చిన్న గర్వం, ఆ వెంటనే ఒక ప్రశ్న. ఇంతకు ముందు ఏడాదే ఒక చరతారను, అంటే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాన్ని, కనుగొన్న మనిషి ఆయన. తరవాత రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యాడు. అలాంటి మనిషి తన పేరు మీద తెచ్చినది ఏమిటంటే, పంచాంగం. దృగ్గణిత పంచాంగం. టెలిస్కోపు దగ్గర కూర్చున్న మనిషి పంచాంగాన్ని వదిలెయ్యలేదు, దిద్దాడు. ఎందుకు దిద్దాడు అన్నదే ఈ వ్యాసం.

ముందు ఒక యాదృచ్ఛికం చెప్పాలి. భూమ్మీద ఏదైనా ఒక చోటు తీసుకుంటే, అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం సగటున 375 ఏళ్లకు ఒకసారి వస్తుందని లెక్క. వనపర్తికి మాత్రం 112 ఏళ్లకే రెండోసారి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం, మధ్యాహ్నం మూడున్నర దాటాక. అరేబియా సముద్రం మీదనుంచి వచ్చిన నీడ కార్వార్, హుబ్లీ, రాయచూరు దాటి మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం మీదుగా ఒడిశా వైపు పోయింది. 1898 తరవాత మన దేశపు ప్రధాన భూభాగం మీద పడిన మొదటి సంపూర్ణ గ్రహణం అది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జాపాల-రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ దారిలోనే పడింది. దేశవిదేశాల శాస్త్రజ్ఞులు అక్కడికి వచ్చారు. యాభై కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాద్‌లో మాత్రం సూర్యుడు దాదాపు పూర్తిగా కప్పబడ్డాడు, కానీ పూర్తిగా కాదు.

"దాదాపు" అన్న మాటకు ఇక్కడ ఉన్నంత బరువు ఇంకెక్కడా ఉండదు. సూర్యుడు నిండు చందమామ కన్నా సుమారు నాలుగు లక్షల రెట్లు వెలుగు. అందులో తొంభై తొమ్మిది వంతులు పోయి ఒక్క వంతు మిగిలినా అది నాలుగు వేల చందమామలంత వెలుగు. అప్పటికి కరోనా కనపడదు, చుక్కలు పొడవవు. చివరి ఆ ఒక్క వంతు కూడా పోయినప్పుడే పగలు రాత్రవుతుంది. అందుకే గ్రహణం విషయంలో స్థలం, సమయం రెండూ కచ్చితంగా తెలియాలి. పది కిలోమీటర్లు అటైతే ఏమీ లేదు. పది నిమిషాలు ఆలస్యమైతే అసలే లేదు.

ఆ కచ్చితత్వం ఎట్లా వస్తుంది? మన పంచాంగాల్లో గ్రహణానికి ఐదు మాటలుంటాయి: స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం. చంద్రుడి అంచు సూర్యుడి అంచును తాకడం స్పర్శ. పూర్తిగా కప్పెయ్యడం నిమీలనం, అంటే కన్ను మూయడం. మళ్లీ తెరవడం ఉన్మీలనం. విడిచిపోవడం మోక్షం. ఇవాళ ఖగోళ శాస్త్రజ్ఞులు మొదటి, రెండో, మూడో, నాలుగో స్పర్శ అని నంబర్లతో పిలిచేవి ఇవే. ఆ నంబర్ల కన్నా మన మాటలు అందంగా ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఈ క్షణాలను లెక్కకట్టడానికి పంతొమ్మిదో శతాబ్దంలో బెసెల్ ఒక దారి చూపించాడు. ఏ ఊరికా ఊరి లెక్క మొదటినుంచీ చెయ్యకుండా, ముందు నీడనే లెక్కించు. చంద్రుడి నీడ శంకువు భూమి కేంద్రం మీదుగా గీసిన ఒక ఊహా తలాన్ని ఎక్కడ, ఎంత వెడల్పుతో కోస్తోంది అన్నది కొన్ని సంఖ్యల్లో పెట్టు. ఆ తరవాత ఏ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చినా సమయం వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బరువైన పని ఒక్కసారి చేసి దాచుకుని, ప్రతి రిక్వెస్టుకూ తేలిక పని మాత్రం చెయ్యడం.

కానీ అక్కడితో అయిపోదు. భూమి మంచి గడియారం కాదు. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్ల రాపిడితో దాని తిరుగుడు మెల్లగా తగ్గుతోంది, అదీ ఒకే తీరుగా కాదు. ఏకరీతిగా నడిచే కాలానికీ, భూమి తిరుగుడుతో కొలిచే కాలానికీ 1980 నాటికి దాదాపు 50 సెకన్ల తేడా ఉంది. 50 సెకన్లు ఏం పెద్ద సంగతి అనిపిస్తుంది. ఆ 50 సెకన్లలో మన అక్షాంశం దగ్గర నేల సుమారు 22 కిలోమీటర్లు తూర్పుకు జరుగుతుంది. ఆ తేడాను పట్టించుకోకపోతే నీడ దారి మ్యాపులో అంతే దూరం పక్కకు పడుతుంది. ఈ తేడా పాతకాలంలో ఎంత ఉండేదో మనకెట్లా తెలిసింది? బాబిలోన్‌లో, చైనాలో, అరబ్బు దేశాల్లో వేల, వందల ఏళ్ల కింద ఎవరో గ్రహణం చూసి, ఎక్కడ చూశారో, ఎప్పుడు చూశారో రాసి పెట్టడం వల్ల. చంద్రుడి అంచు నున్నగా ఉండదు, కొండలూ లోయలూ ఉంటాయి కాబట్టి చివరి సెకన్ల లెక్కకు వాటి ఎత్తులు కూడా కావాలి. ఆ కొలతలు ఈ మధ్య చంద్రుడి చుట్టూ తిరిగిన నౌకలు ఇచ్చాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత లెక్కా జరిగి, సమయం పేపర్లో అచ్చయి, ఫోన్లో నోటిఫికేషన్ అయి మన ఇంటికొస్తుంది. దాన్ని అందరం నమ్ముతాం. నాస్తికుడు నమ్ముతాడు, పూజారి నమ్ముతాడు. ఆ నిమిషానికే గుడి తలుపులు మూస్తారు (శ్రీకాళహస్తిలో మాత్రం తెరిచే ఉంచుతారు), ఆ నిమిషానికే వంటగదిలో పచ్చడి జాడీ మీద దర్భ పెడతారు. నిమిషం మీద ఎవరికీ పేచీ లేదు. ఆ నిమిషాన్ని పుట్టించిన నీడను మాత్రం నమ్మం. సమయం ఒక లోకం నుంచి తీసుకుని, కారణం ఇంకో లోకం నుంచి తీసుకుంటాం. ఇట్లా చెయ్యడంలో తప్పేముంది? సమయం సరిగ్గా ఉంటే చాలదా?

చాలు అనడానికి గట్టి వాదనే ఉంది. కారణం తెలియకుండానే గ్రహణాలు పసిగట్టవచ్చు. 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకు అలాంటి గ్రహణమే మళ్లీ వస్తుందన్న సంగతి బాబిలోనియన్లు కేవలం రికార్డులు చూసి పట్టుకున్నారు. 1980 గ్రహణం తరవాతిది 1998 ఫిబ్రవరి 26న, ఆ తరవాతిది 2016 మార్చి 9న వచ్చాయి. మిగిలిన ఆ 8 గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ వేరే దేశాల మీద పడ్డాయి. అంటే ప్యాటర్న్ తెలిస్తే చాలు, లోపల ఏం జరుగుతోందో తెలియనక్కర్లేదు. నేను పనిచేసే రంగంలో ఇది రోజూ ఉన్న సంగతే. అవుట్‌పుట్ సరిగ్గా వస్తోంది, టెస్టులు పాసవుతున్నాయి, లోపల ఎందుకు పనిచేస్తోందో ఎవరూ అడగరు. ఏదో ఒక రోజు ఏదో తప్పుతుంది. అప్పుడు మీటింగు పెట్టి అడిగే మొదటి ప్రశ్న, "ఎవరి వల్ల?"

కారణం అవసరం బయటపడేది అక్కడే. సమయం ఎవరి మీదా నింద వెయ్యదు. కారణం వేస్తుంది.

మన భాషలో ఒక మాట ఉంది: గ్రహణం మొర్రి. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మనం పెట్టిన పేరు. జబ్బు పేరులోనే తీర్పు ఉంది. తల్లి గ్రహణం నాడు బయటికి వచ్చింది, లేదా ఏదో కోసింది, గీరింది, అందుకే బిడ్డ పెదవి ఇట్లా అయింది అని. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 మంది పిల్లల్లో ఒకరు పెదవి గానీ అంగిలి గానీ చీలి పుడతారు. గ్రహణం కనపడిన దేశంలోనూ పుడతారు, కనపడని దేశంలోనూ పుడతారు. జన్యువులు, తల్లికి అందిన పోషకాలు, పొగాకు, కొన్ని మందులు, ఇట్లా అనేక కారణాలు కలిసి ఉంటాయి. చాలాసార్లు ఫలానా అని ఒక్కటి చెప్పలేరు.

దేవరకొండ దగ్గరి మా అమ్మమ్మ ఊరు 1980 నీడ దారికి ఇంచుమించు నడిమధ్యలో ఉంది. అమ్మకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఊరంతా తలుపులు బిగించుకున్నారు. గూనపెంకుల ఇల్లు. నేను గుచ్చి గుచ్చి అడిగితే అమ్మ చెప్పింది: "పెంకల సందులకెల్లి ఎండ బిళ్లలు పడ్తయి గదా బిడ్డా, గవన్ని కొడవండ్ల లెక్క అయినయ్. సన్నగ, ఇంకింత సన్నగ. మల్ల ఏం కనవడలే." పెంకుల సందు పిన్‌హోల్ కెమెరాలా పనిచేసి, సూర్యుడి బొమ్మను మట్టి నేల మీద వేసింది. ఇప్పుడు పిల్లలకు అట్ట ముక్కకు బెజ్జం పెట్టి చూపించే ప్రయోగం అదే. తలుపు మూసినా గ్రహణం లోపలికి వచ్చి కూర్చుంది, అమ్మ చూసింది కూడా. "ఎవలకన్న చెప్పినవా?" అన్నాను. "చెప్తె తిడ్తరని చెప్పలే."

అదే ఊళ్లో ఆ ఎండాకాలం ఒకామెకు పెదవి చీలిన కొడుకు పుట్టాడు. గ్రహణం నాడు బర్రె తాడు తెంపుకుంటే ఆమె వాకిట్లోకి వచ్చిందని ఊరంతా అనుకున్నారు. నీళ్ల కాడ, పెళ్లిళ్ల కాడ, కొడుకు పెద్దయ్యే దాకా ఆమె ఆ మాట పడింది. ఇప్పుడు సమయాల లెక్క చూడండి. గర్భంలో బిడ్డ పై పెదవి ఏర్పడేది నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య. రెండు పక్కల నుంచి కణజాలం వచ్చి మధ్యలో కలుస్తుంది. కలవకపోతే చీలిక ఉండిపోతుంది. ఆమెకు ఫిబ్రవరిలో ఏడో నెల. ఆ చీలిక గ్రహణానికి నాలుగైదు నెలల ముందే ఏర్పడిపోయింది. చంద్రుడి నీడ నిమిషం తప్పకుండా వచ్చిందని ఒప్పుకున్న ఊరు, బిడ్డ పెదవికి కూడా ఒక వేళ ఉంటుందని అడగలేదు. అడగడానికి ఎవరికీ తెలియదు, నిజమే. కానీ తెలియనప్పుడు కూడా నింద మాత్రం ఆగలేదు.

తెలిసినవాళ్ల సంగతి ఏమిటి? ఇది కొత్త ప్రశ్న కాదు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు గ్రహణాలు నీడల వల్ల అని స్పష్టంగా చెప్పాడు. చంద్రుడు సూర్యుణ్ని కప్పుతాడు, భూమి నీడ చంద్రుణ్ని కప్పుతుంది. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో, రాహువును కాదనేవాళ్లు వేదస్మృతులకు ఎదురు పోతున్నారని ఆక్షేపించాడు. వింత ఏమిటంటే, అదే పుస్తకంలో ఆయన గ్రహణాన్ని లెక్కించింది నీడల కొలతలతోనే. నాలుగు వందల ఏళ్ల తరవాత అల్ బిరూనీ ఇది చదివి ఆశ్చర్యపోయాడు. ఇంత పెద్ద గణితజ్ఞుడు, ఇంత తెలిసినవాడు, ఇట్లా ఎందుకు రాశాడు? సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందని భయపడి ఉంటాడా అని ఊహించాడు.

బ్రహ్మగుప్తుడు భయపడ్డాడో, నిజంగా నమ్మాడో, రెండిటినీ రెండు గదుల్లో పెట్టుకున్నాడో మనం తేల్చలేం. కానీ ఆయన చేసిన పని మనకు చాలా దగ్గరిది. లెక్క ఒక అధ్యాయం, నమ్మకం ఇంకో అధ్యాయం. రెండూ ఒకే అట్టల మధ్య. 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు, సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో హైదరాబాద్‌లో పాక్షిక గ్రహణం పట్టింది. విడవకముందే పొద్దు గూకింది. మా టీమ్‌లో ఒకమ్మాయికి అప్పుడు ఐదో నెల. డేటా సైన్స్ చదివింది, కారణానికీ కాకతాళీయానికీ తేడా నాకన్నా బాగా తెలుసు. నాలుగున్నరకే లాప్‌టాప్ మూసి, కర్టెన్లు దింపి, నీళ్లు కూడా తాగకుండా పడుకుంది. మర్నాడు తనే అన్నది: "నేను నమ్మనన్నా. కానీ రేపు ఏదన్న అయితే అత్తమ్మ నన్నే అంటది. రెండు గంటలు పడుకుంటే పోయేదేముంది?"

పాస్కల్ పందెం అంటారే, దేవుడు ఉంటే లాభం, లేకపోతే పోయేదేమీ లేదు అని, ఇది అదే. తేడా ఒక్కటే. ఇక్కడ పందెం కట్టేది ఇల్లంతా, డబ్బు పెట్టేది ఒక్క మనిషి. ఐదో నెల గర్భిణి దాహం వేసినా ఓర్చుకుని ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ కడుతోంది. ప్రీమియం ప్రతిసారీ చిన్నదే. కట్టకపోతే వచ్చే శిక్ష పెద్దది, అది కూడా ఆమెకే. ఆమెను పిరికిది అనడం నాకు చేతకాదు. తను లెక్క సరిగ్గానే వేసింది. ఆమె భయపడింది రాహువుకు కాదు, ఒక వాక్యానికి.

దీనికి జవాబుగా కొందరు గ్రహణం వేళ రోడ్డు మీద టిఫిన్లు తిని చూపిస్తారు. వాళ్లంటే నాకు గౌరవమే, అది అవసరమే. రోకలి సంగతి కూడా అంతే. తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, గ్రహణ మహిమ అని ఫొటోలు పెడతారు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ మంగళవారం పెట్టినా నిలబడుతుంది. కానీ ఏ మంగళవారమూ ఎవరూ పెట్టరు. గ్రహణం లేని రోజు కూడా ఒకసారి నిలబెట్టి చూడండి అనడం కన్నా మంచి సైన్సు పాఠం లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఇడ్లీ తినడంతో రాహువు ఓడిపోయాడు అనుకుంటే మనం ఒకటి మరిచిపోతున్నాం. తినేవాళ్లు, పస్తుండేవాళ్లు, ఇద్దరూ ఆకాశం వైపు చూడటం లేదు. ఇంకోటి, పెద్దవాళ్ల భయంలో ఒక నిజం కూడా ఉంది. పాక్షికంగా ఉన్న సూర్యుణ్ని వట్టి కళ్లతో చూస్తే రెటీనా కాలిపోతుంది, నొప్పి కూడా తెలియదు. గ్రహణం నాడు విషకిరణాలు వస్తాయని కాదు, రోజూ ఉండే కిరణాలే. మిగతా రోజుల్లో మనం అట్లా కన్నార్పకుండా చూడం, అంతే. "చూడొద్దు" అన్న సలహాలో సగం సరైనది, చెప్పిన కారణం తప్పు. 1980లో చదువుకున్నవాళ్లు, పత్రికలు కూడా ఎట్లా చూడాలో చెప్పడం కన్నా ఇంట్లో ఉండమని చెప్పడం తేలిక అనుకున్నారు. ఆ తేలిక పద్ధతిలో ఎన్నో వేల మంది తమ తల మీదుగా పోయిన రెండు నిమిషాల పైచిలుకు చీకటిని చూడలేకపోయారు. సంపూర్ణ దశలో వట్టి కళ్లతో చూసినా ప్రమాదం లేదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో దారి ఉంది. 1715లో ఇంగ్లండు మీదుగా సంపూర్ణ గ్రహణం పోతుందని తెలిసి, ఎడ్మండ్ హేలీ ముందే నీడ దారి మ్యాపు అచ్చువేయించాడు. భయపడకండి అని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. మీ ఊళ్లో చీకటి ఎంతసేపు ఉందో చూసి నాకు రాయండి అని జనాన్ని అడిగాడు. జనం రాశారు. హేలీ వేసిన సమయం నాలుగు నిమిషాల వరకూ తప్పింది, నీడ అంచు కూడా కొన్ని మైళ్లు జరిగింది. ఆ తప్పు తెలిసింది, జనం చూసి చెప్పడం వల్లనే. నీడ అంచున ఉండి కొన్ని సెకన్ల చీకటి మాత్రమే చూసినవాళ్ల మాటలు రెండున్నర శతాబ్దాల తరవాత, సూర్యుడి వ్యాసం మారుతోందా అని వాదించుకున్న శాస్త్రజ్ఞులకు పనికొచ్చాయి. పెద్దల దగ్గర పరికరాలుండొచ్చు. కానీ నీడ అంచు ఏ ఊరి పొలాల మీదుగా పోయిందో చెప్పాల్సింది ఆ ఊరి మనుషులే.

రఘునాథాచారిని నేను ఈ వరసలో చూస్తాను. దృగ్గణితం అంటే కంటికి కనపడేదానితో సరిపోయే గణితం. పాత సూత్రాల ప్రకారం తిథి ఇట్లా రావాలి, కానీ ఆకాశంలో అట్లా లేదు అన్నప్పుడు, ఆకాశాన్ని ఒప్పుకుని సూత్రాన్ని మార్చుకోవడం. ఆయన దీన్ని మద్రాసులో దొరలు చదివే రిపోర్టులో మాత్రమే పెట్టి ఊరుకోలేదు. జనం ఇంట్లో చూరుకు వేలాడదీసుకునే పుస్తకంలో పెట్టాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లే ముందు, అదేమిటో వివరిస్తూ ఇంగ్లిష్‌తో పాటు మన భాషల్లో కూడా చిన్న పుస్తకం తెచ్చాడు. 1880లో పోయాడు. ఆయన సంప్రదాయాన్ని ఎదిరించాడా, కాపాడాడా అంటే నేను చెప్పలేను, బహుశా ఆయనకు అది పెద్ద ప్రశ్న కాదు. తెలిసినది అవతలివాళ్లు చదివే చోట చెప్పాలి అన్నది మాత్రం ఆయనకు తెలుసు.

నిమిషం తెలిసినవాళ్ల మీద ఉన్న బాధ్యత ఇదేనని నేననుకుంటున్నాను. సమయం చెప్పి తప్పుకుంటే సగం నిజమే చెప్పినట్టు. మిగతా సగాన్ని ఇంట్లో ఎవరి నోరు పెద్దదైతే వాళ్లు పూరిస్తారు, దాని ఖర్చు ఎవరి నోరు చిన్నదైతే వాళ్లు కడతారు. నమ్మకాలన్నీ పీకెయ్యాలని నేననను. ఉపవాసం ఉండాలనుకున్నవాళ్లు ఉండొచ్చు, పట్టు స్నానం, విడుపు స్నానం చేసేవాళ్లు చెయ్యొచ్చు. తన ఒంటి మీద తను పెట్టుకునే నియమం వేరు, ఇంకొకరి కడుపు మీద పెట్టే నియమం వేరు. రెండోదానికి కారణం చూపించాల్సి ఉంటుంది, ఆ కారణం పరీక్షకు నిలబడాల్సి ఉంటుంది.

2031 మే 21న కంకణ గ్రహణం కేరళ, తమిళనాడు మీదుగా పోతుంది. తెలంగాణలో పాక్షికంగా కనపడుతుంది, మంచి ఎండ వేళ. సమయాలు ఇప్పటికే సెకన్లతో సహా లెక్కకట్టి ఉన్నాయి. ఆ రోజు మన ఇళ్లలో ఎక్కడో ఒక గర్భిణి ఉంటుంది. గ్రహణం చూడటానికే చేసిన కళ్లద్దాలు పెట్టుకుని చూడమని, లేదా చెట్టు నీడలో నేల మీద పడే కొడవళ్లు చూడమని ఆమెకు చెప్పడం మంచిదే. అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ ఇంట్లో అత్తకూ, ఆడబిడ్డకూ, మొగుడికీ గ్రహణం రావడానికి నెల ముందే, ఎవరూ భయంలో లేనప్పుడు, పెదవి ఏ వారంలో ఏర్పడుతుందో చెప్పాలి. గ్రహణం మొర్రి అన్న మాట నోటికొచ్చినప్పుడల్లా ఆగి, పెదవి చీలిక అనాలి. అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది.